శ్రీకాకుళంలో అరసవల్లి కాక ఇంకేం చూడాలి?

అడిగిన విషయం ఇది: ఊరు ఆమదాలవలస దగ్గర పల్లెటూరు, ఉద్యోగం బెంగళూరులో. సంక్రాంతికి పది రోజుల సెలవు పెట్టుకుని భార్యతో, ఇద్దరు పిల్లలతో వస్తున్నారు. "మీ వైపు చూడ్డానికేమున్నాయి?" అని ఆఫీసులో ఎవరన్నా అడిగితే అరసవల్లి తర్వాత రెండో పేరు నోటికి రావట్లేదట. ఈసారి అరకు మానేసి సొంత జిల్లానే చూడాలని ఉంది. కారుంది. అమ్మకీ నాన్నకీ మోకాళ్ల నొప్పులు, పిల్లలకి గుడి అంటేనే విసుగు. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

తమ్ముడూ, నేను సోషల్ మాస్టారిగా చేసి రిటైరయ్యాను. బడి పిల్లల్ని బస్సెక్కించి శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాలూ తిప్పినవాణ్ని కాబట్టి ముందుగా ఒకటే చెబుతాను. నెట్‌లో దొరికే "టాప్ టెన్" జాబితా పట్టుకుని బయల్దేరకండి. ఆ జాబితాలో ఇచ్ఛాపురం ఒక లైను, దాని కిందే రాజాం ఇంకో లైను. ఒకటి ఒడిశా సరిహద్దులో, ఇంకొకటి విజయనగరం జిల్లాలో. అలా తిరిగితే పిల్లలకి గుర్తుండేది హైవే మీద టోల్‌గేట్లు మాత్రమే. మన వైపు చూడదగ్గవన్నీ దాదాపుగా నదుల వెంబడే ఉన్నాయి. ఊళ్లు, గుళ్లు, బౌద్ధుల దిబ్బలు, పాత రేవులు, అన్నీ. అందుకని ఒక నదిని పట్టుకోండి. మీ ఊరి నుంచైతే వంశధార. దానికి రెండు రోజులు పూర్తిగా ఇవ్వండి. మిగతా రోజుల సంగతి తర్వాత చూద్దాం.

మొదటి రోజు శ్రీముఖలింగం. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట మీదుగా వెళితే 50 కిలోమీటర్ల లోపే. మడపాం దగ్గర హైవే మీద వంశధార దాటుతారు, అక్కడ ఒక్క నిమిషం ఆగి పిల్లలకి నది చూపించండి. తర్వాత రెండు రోజులూ ఎక్కడికెళ్లినా "ఇదే ఆ నది" అని చెప్పడానికి పనికొస్తుంది.

ముఖలింగాన్ని చాలామంది శివరాత్రి నాడు, కార్తీక సోమవారాల్లో చూస్తారు. అంటే క్యూ తప్ప ఏమీ చూడరు. జనవరిలో మామూలు రోజు పొద్దున్న ఎనిమిదింటికల్లా అక్కడుంటే గుడి మీదే. మూడు గుళ్లున్నాయి: మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కణ్ణించి ఏలిన వంశంలోనే 1078లో పట్టాభిషేకం చేసుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు పుట్టాడు. రాజధానిని కటకం (ఇప్పటి కటక్) వైపు మార్చినవాడూ, పూరీలో ఇప్పుడు మనం చూసే జగన్నాథుడి గుడి మొదలుపెట్టినవాడూ ఆయనే. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడిదీ అదే వంశం. పూరీకీ కోణార్క్‌కీ మనవాళ్లు ఏటా బస్సులు మాట్లాడుకుని మరీ వెళతారు. ఆ వంశం మొదట ఉన్న ఊరు మాత్రం నరసన్నపేట పక్కనే ఉందని చెబితే నమ్మరు.

గుడి మీద శిల్పం ఒడిశా పద్ధతిది. మధుకేశ్వరుడి గుడి ద్వారబంధం దగ్గర తొందరపడకండి. లతలు, వాటిలో చిన్న చిన్న బొమ్మలు, వేలెడంత జాగా వదలకుండా చెక్కారు. పిల్లల్ని "ఏనుగులెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి" అని గోడ చుట్టూ పంపండి. అరగంట మీ జోలికి రారు. సోమేశ్వరుడి గుడి ఊరి మొదట్లో విడిగా ఉంటుంది. దాని బయటి గోడ మీద శిల్పం చక్కగా కనబడుతుంది కాబట్టి ఫొటోలకి అదే బాగుంటుంది. సాయంత్రం ఎండ పడేటప్పుడు ఇంకా బాగుంటుంది గానీ మీకు ఆ టైముండదు.

స్థలపురాణం మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది, ఆవిడ చేతే చెప్పించండి. సవరలనే కొండజాతి నాయకుడి ఇద్దరు భార్యలు, ఇప్పచెట్టు రాల్చిన బంగారు పూలు, గొడవ భరించలేక ఆయన చెట్టు నరకబోతే శివుడి ముఖం కనబడటం. మధుకమంటే ఇప్పే. ఈ కథని బట్టే గుడితో సవరలకి ఇవాళ్టికీ బంధం ఉంది. శివరాత్రి అయ్యాక వంశధారలో చక్రతీర్థ స్నానానికి కొండల మీంచి వాళ్లు దిగొస్తారు.

ఇంకొక మాట. గిడుగు రామమూర్తి పంతులుగారిది ఈ పక్కనున్న పర్వతాలపేటే, 1863 ఆగస్టు 29న పుట్టారు. ఏటా ఆ రోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన ముఖలింగం గుడిలో శాసనాల్ని సొంతంగా చదవడం నేర్చుకున్నారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మీ పిల్లలు బెంగళూరులో తెలుగు చదువుతున్నారో లేదో నాకు తెలీదు. అయినా ఈ మాట గుడి మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పండి, క్లాసురూములో చెప్పినట్టుండదు.

వచ్చేటప్పుడో వెళ్లేటప్పుడో సారవకోట మండలంలో బుడితి ఉంది. ఇత్తడి, కంచు సామాన్లకి పేరు, ఆ ఊరి సరుకని చెప్పే జియోగ్రాఫికల్ ఇండికేషన్ గుర్తింపు కూడా వచ్చింది. షాపులో కొని వచ్చేయకండి. పని జరిగే ఇల్లు అడిగి వెళ్లండి. మూస కట్టడం, కరిగిన లోహం పోయడం, చల్లారాక రాపిడి పెట్టడం, ఏ దశలో ఉంటే ఆ దశ చూపిస్తారు. నున్నటి చెంబు కన్నా సగం రాపిడి పెట్టిన చెంబు పక్కన కూర్చుంటే పిల్లలకి ఎక్కువ అర్థమవుతుంది. సరుబుజ్జిలి మండలంలో దంతవక్త్రుని కోట అని మట్టికోట దిబ్బ ఉంది, పాత దంతపురం అంటారు. మీకు చరిత్ర మీద పిచ్చి ఉంటే వెళ్లండి. లేకపోతే గడ్డి తప్ప ఏం కనబడదు, పిల్లలు తిట్టుకుంటారు.

రెండో రోజు గార మండలం. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ ఈ ఒక్క మండలంలోనే ఉన్నాయి. ఇంత తక్కువ దూరంలో వైష్ణవం, బౌద్ధం, సముద్రం ఒకేసారి దొరికే చోటు మన రాష్ట్రంలో ఇంకోటి ఉందా అంటే నాకైతే తట్టట్లేదు.

పొద్దున్నే శ్రీకూర్మం, శ్రీకాకుళం నుంచి 15 కిలోమీటర్లలోపే. విష్ణువుని కూర్మరూపంలో మూలవిరాట్టుగా పూజించే గుడి ఇది, ఇలాంటిది ఇంకెక్కడా లేదంటారు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. తూర్పునొకటి, పడమరనొకటి, రెండు ధ్వజస్తంభాలుంటాయి. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలున్నాయి, చాలావరకు చెరిగిపోయాయి. చేత్తో తడమొద్దని పిల్లలకి ముందే చెప్పండి. స్తంభాల మీద శాసనాలు కుప్పలు. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థుల పేరున్న 1281 నాటి శాసనం కూడా ఇక్కడిదే. ఆయన కళింగలో రాజప్రతినిధిగా అధికారం చేసిన సన్యాసి, ఆ కథ తీరిగ్గా చదువుకోండి. గుడి దగ్గరే నక్షత్ర తాబేళ్లని పెంచుతున్నారు. పిల్లలు అక్కణ్ణించి కదలరు కాబట్టి దర్శనం ముందు చేసుకుని తాబేళ్లు చివర్లో పెట్టుకోండి. తాబేలు వీపు మీద నక్షత్రాల్లాంటి పసుపు గీతలు ఒక్కో గుబ్బ మీద ఒక్కో చుక్క నుంచి మొదలై అన్ని వైపులకీ విచ్చుకుంటాయి. ఆకుకూర వేస్తే మెడ చాపి, ఒక్కో కాడా కొరికి, నములుతూ ఆగి, మళ్లీ కొరుకుతుంది. బయట వీటిని అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. ఎవరన్నా బేరం పెడితే దగ్గరకి రానివ్వకండి.

గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి అప్పుడు శాలిహుండం వెళ్లొచ్చుగా అనుకుంటారు. వద్దు. ఎండలో ఆ కొండెక్కడం జనవరిలో కూడా కష్టమే. ఇంటి నుంచి తెచ్చుకున్న చద్ది ఏ తోటలోనో తినేసి, మూడు దాటాక ఎక్కండి.

శాలిహుండం నాకు ఈ రెండు జిల్లాల్లోకెల్లా ఇష్టమైన చోటు. వంశధార కుడి ఒడ్డున చిన్న కొండ. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది మళ్లీ ఆ గిడుగువారే. తర్వాతి తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, విహారాలు, ధాతుకరండాలు (అస్థికలు దాచే భరిణెలు) బయటపడ్డాయి. క్రీస్తుకి పూర్వం నుంచి మొదలుపెట్టి వెయ్యేళ్లకి పైగా ఇక్కడ బౌద్ధం నడిచింది. కింద మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలున్నాయి. మారీచి అంటే పందుల రథం మీద వచ్చే వెలుగు దేవత. ఇక్కడి బౌద్ధం చివరికాలంలో తాంత్రిక పూజల వైపు తిరిగిందని ఆ విగ్రహాల్ని చూస్తే తెలిసిపోతుంది. మ్యూజియానికి వారపు సెలవుంటుంది, ముందే కనుక్కుని వెళ్లండి.

కొండెక్కేటప్పుడు ఇటుకల్ని గమనించండి. మన ఇళ్లకి వాడే ఇటుకకన్నా చాలా పెద్దవి. ఒకచోట స్తూపం పునాది బండిచక్రంలా, మధ్యలో ఇరుసు, చుట్టూ ఆకులు (చక్రం చువ్వలు) ఉన్నట్టు కట్టారు. పై మట్టి బరువు ఒకవైపుకి జారకుండా ఆ ఆకుల గోడలు పట్టి ఉంచుతాయి, మధ్యలో గదుల్లో మట్టి నింపుతారు. ఇంజనీరింగ్ చదివినవారైతే మీకు ఇట్టే అర్థమవుతుంది. పైనుంచి చూస్తే వంశధార ఇసుక మేటలు వేసుకుంటూ సముద్రం వైపు పోతుంటుంది. ఓడలు వచ్చే రేవు పక్కనే బిక్షువులు ఆరామం ఎందుకు కట్టుకున్నారో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మానాన్నల్ని పైదాకా తీసుకెళ్లకండి. కింద మ్యూజియం దగ్గర నీడలో కూర్చోబెట్టండి, వాళ్లకి అదే హాయి.

అక్కణ్ణించి చీకటి పడేలోపు కళింగపట్నం. నది సముద్రంలో కలిసేది ఇక్కడే. ఇంగ్లీషువాళ్ల కాలందాకా పెద్ద రేవు. లైట్‌హౌస్ ఉంది, మదీన్ సాహెబ్ దర్గా ఉంది. ఊళ్లో మతం తేడా లేకుండా దర్గాకి వెళతారు. నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి, మోకాలి లోతు కూడా వద్దు. నదీముఖం దగ్గర ఒరవడి లోపలికి లాగుతుంది, అడుగున ఇసుక రోజుకోలా ఉంటుంది. పండగ రోజుల్లో మన జిల్లాలో ఏటా సముద్రం పొట్టన పెట్టుకునేది ఈతొచ్చిన కుర్రాళ్లనే.

వంశధార ముగిసింది. ఇక ఉత్తరానికి.

జనవరిలో వస్తున్నారు కాబట్టి తేలినీలాపురం వదలొద్దు. టెక్కలి మండలం, శ్రీకాకుళం నుంచి ఒక 65 కిలోమీటర్లు. గూడబాతులు, రంగుకొంగలు సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఎవర్నడిగినా సైబీరియా నుంచి వస్తాయంటారు. పేపర్లలోనూ అలాగే రాస్తారు. ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. నీళ్లనీ చేపల్నీ బట్టి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారతాయి, అంతే. సైబీరియా అంటే గొప్పగా ఉంటుందని ఎవరో మొదలుపెట్టారు, ఆ పేరు ఊడటం లేదు. దగ్గర్లో నౌపడ బురదనేలలు, ఉప్పుటేర్లు ఉన్నాయి. అక్కడి చేపలే వాటికి ఆధారం.

ఈ చోటు చూడాల్సిన పద్ధతి ఒకటుంది. టవరెక్కి ఫొటో తీసుకుని దిగిపోకండి. ఒక్క గూడబాతు గూడుని ఎంచుకుని దాన్నే చూడండి. జనవరికి పిల్లలు బాగా పెరిగి ఉంటాయి. తల్లి దిగేటప్పుడు కొమ్మ ఊగిపోతుంది, రెక్కలు ముడుచుకునే లోపే పిల్ల తన తలకాయ మొత్తం తల్లి గొంతుసంచిలోకి దూర్చేస్తుంది. బయటికి మెడ మాత్రమే కనబడుతుంది. తల్లి నోరు తెరుచుకుని అలాగే నిలబడుతుంది, లోపల పిల్ల కుమ్ములాడుతుంటుంది. కొన్నిసార్లు రెండు పిల్లలూ ఒకేసారి దూరతాయి. చూస్తుంటే మన గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. రెట్టల కంపు ఉంటుంది, టోపీలు పెట్టుకోండి. ఊరివాళ్లు ఈ పక్షుల్ని పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. పెరట్లో చెట్టు తెల్లగా అయిపోయినా, గూళ్లున్నన్నాళ్లూ కొమ్మ కొట్టరు. హారన్ కొట్టకండి, పిల్లల చేతికి పండగ టపాసులివ్వకండి.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అని ఇంకో పక్షుల ఊరుంది. అక్కడికి నత్తగుల్ల కొంగలొస్తాయి. వాటి రాక వానాకాలంలో, జూన్ ప్రాంతంలో మొదలవుతుంది. సంక్రాంతికి వెళితే ఖాళీ చెట్లు చూసి రావాలి. వేసవి సెలవుల తర్వాత ఎప్పుడన్నా వీలైతే చూడండి.

తేలినీలాపురం నుంచి ఎటూ దగ్గరే కాబట్టి రావివలస ఎండల మల్లన్నని చూసేయండి. పైకప్పు లేకుండా ఎండలోనే ఉండే పెద్ద శివలింగం. పావుగంట చాలు. ఆ రోజు సాయంత్రానికి పలాస. జీడిపప్పు కొనకుండా మిమ్మల్ని ఇంట్లోవాళ్లు ఎలాగూ రానివ్వరు. పూర్తి పప్పు, బద్ద, ముక్క, ఇలా రకాన్ని బట్టి ధర. డబ్బా మీద డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటే, పౌనుకి సుమారు ఎన్ని గింజలు తూగుతాయో ఆ అంకె. అంకె తగ్గేకొద్దీ పప్పు లావు. పాయసంలోకి, ఉప్మాలోకి బద్ద చాలు, పూర్తి పప్పుకి డబ్బు తగలెయ్యకండి. కుదిరితే ఒక ఫ్యాక్టరీలో పిక్క కొట్టే చోటు చూడండి. పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అక్కడ పనిచేసే ఆడవాళ్లు చేతులకి బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు. వాళ్ల వేళ్లు చూశాక కిలో ధర గురించి బేరం ఆడబుద్ధి కాదు.

పలాస నుంచి మందస, సోంపేట, కవిటి దాకా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తోటల్ని ఊడబెరికేసింది. వరి పోతే వచ్చే ఏడు వేసుకోవచ్చు, కొబ్బరి పోతే ఏళ్లు పడుతుంది. ఇప్పుడు కనబడే పొట్టి చెట్లు చాలావరకు ఆ తర్వాత నాటినవే. ఉద్దానం అంటే కిడ్నీ జబ్బులని బయటివాళ్లకి తెలుసు. 2023 డిసెంబరు నుంచి హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో ఇక్కడికి తాగడానికి వస్తున్నాయి. అంటే మీరు మొదటి రెండు రోజులూ చూసిన వంశధారే. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా తినండి. మందస కోవా గురించి నేనేం చెప్పను, తిన్నాక మీరే చెబుతారు.

ఇంకా ఓపికుంటే బారువ బీచ్. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే తీరం ఇది. ఆ గుడ్లని తీసి కంచె వేసిన హేచరీల్లో పూడ్చిపెడతారు. ఏడు వారాల అటూఇటూలో పిల్లలు బయటికొస్తాయి, తెల్లారుజామున సముద్రంలోకి వదులుతారు. పిల్లల్ని వదిలేది మార్చి, ఏప్రిల్‌లో కాబట్టి మీకు అది దొరకదు. ఒడ్డున చచ్చిన తాబేళ్లు మాత్రం కనబడొచ్చు. ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చస్తాయి. పిల్లలు అడుగుతారు, దాచకుండా చెప్పండి.

కారులో తిరిగి విసుగొస్తే ఒక రోజు రైలెక్కండి. విశాఖ–గుణుపూర్ ప్యాసింజర్ శ్రీకాకుళం రోడ్ మీదుగానే వెళుతుంది, అంటే మీ ఆమదాలవలసే. నౌపడ దగ్గర మెయిన్ లైను వదిలి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరుతుంది. ఈ లైను పర్లాకిమిడి రాజావారు వేయించింది, 1900లో మొదలైంది. వంద ఏళ్లు పైన చిన్న రైలు నడిచింది, తర్వాత బ్రాడ్‌గేజ్ చేశారు. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసింది గానీ బజార్లో తెలుగు మాట ఇప్పటికీ గట్టిగానే వినబడుతుంది. ఒక్క టికెట్టుతో వరిచేలు, కొండలు, రెండు రాష్ట్రాలు. పిల్లలు గుళ్లన్నిట్నీ మర్చిపోయినా దీన్ని మర్చిపోరు.

పొందూరు సగం రోజు పని, మీ ఊరికి దగ్గర. ఖద్దరు షాపులో పంచె కొనుక్కుని వచ్చేస్తే పొందూరు చూసినట్టు కాదు. అక్కడి ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మిక సంఘంలో అడిగితే వడికే ఇంటికి దారి చెబుతారు. కొండపత్తి నుంచి దారం దాకా అంతా చేత్తోనే. ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. ఒక్కో గింజ చుట్టూ ఉన్న నూలుపోగుల్ని అదే దువ్వి, చెత్తనంతా లాగేస్తుంది. తర్వాత చిన్న చెక్క మీద పెట్టి ఇనుపకడ్డీతో దొర్లిస్తే గింజ ఒకవైపుకి ఊడి వస్తుంది. దూదిని ఏకి, ఏకుల్ని ఎండిన అరటిపొరలో చుట్టి పెట్టుకుంటారు. రాట్నం దగ్గర ముసలావిడ ఎడమచెయ్యి వెనక్కి లాగుతూ పోతుంటే గాలిలోంచి దారం వస్తున్నట్టే ఉంటుంది. వంద కౌంటు దాటిన సన్నదనం అది. మీ అమ్మాయిని ఒకసారి లాగి చూడమనండి, రెండంగుళాలు రాకుండానే తెగుతుంది. వడికేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన ఆడవాళ్లే, కూలి చాలా తక్కువ. ఫొటో తీసుకుంటే ఊరికే రాకుండా ఆవిడ చేతిలో ఏమన్నా పెట్టండి. చీరైనా పంచైనా సంఘంలోనే కొనండి. బజార్లో "పొందూరు" అని అమ్మేవాటిలో మిల్లు బట్ట బోలెడు.

అమ్మానాన్నలకోసం ఒక్క రోజు విడిగా పెట్టాలనుకుంటే నాగావళి ఒడ్డు శివుళ్లున్నారు. బలరాముడు నాగలితో నదిని తెచ్చి, ఒడ్డున ఐదు చోట్ల లింగాలు ప్రతిష్ఠించాడని కథ. ఒడిశాలో పాయకపాడు, కొమరాడ మండలంలో గుంప, వంగర మండలంలో సంగాం, శ్రీకాకుళంలో కోటేశ్వరుడు, సముద్రం దగ్గర కల్లేపల్లి. ఐదూ ఒక రోజులో వద్దు. శ్రీకాకుళం, కల్లేపల్లి చాలు. వీలుంటే సంగాం, నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసే చోటు కాబట్టి. అరసవల్లి కూడా ఆ రోజే పెట్టుకోండి, ఆదివారం తప్ప. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబరు 1, 2 తేదీల్లో. అదీ పొద్దున్న మబ్బు లేకపోతేనే. దానికోసం జనవరిలో తెల్లారుజామున లేచి పరుగెత్తే పని లేదు.

సీతంపేట ఇప్పుడు మన జిల్లా కాదు, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం. అయినా వారపు సంతకి వెళ్లండి. జనవరిలో కొండచీపుర్లు, కందులు, చింతపండు దిగుతాయి. సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు చూడాలంటే ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) దగ్గర అడగండి. అడక్కుండా ఎవరి గుమ్మంలోకీ కెమెరా పట్టుకుని దూరకండి.

ఇక విజయనగరం. ఒక రోజు. 1713 నాటి కోట, ఎదురుగా గంటస్తంభం, గురజాడవారి ఇల్లు, 1919లో పెట్టిన సంగీత కళాశాల. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఘంటసాల చదువుకున్నది ఇక్కడే. సెలవు రోజు కాకుండా వెళితే ఏ గదిలోంచో సాధకం వినబడుతుంది, నిలబడి వినండి, ఎవరూ ఏమీ అనరు. పైడితల్లి సిరిమాను దసరా తర్వాత మంగళవారం కాబట్టి ఇప్పుడు దొరకదు. జీవితంలో ఒక్కసారైనా దానికి సెలవు పెట్టుకుని రండి. పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుని, గుడికీ కోటకీ మధ్య తిరుగుతుంటే కింద జనం ఒక్క గొంతుతో అరిచే అరుపు ఫోన్ వీడియోల్లో రాదు. రామతీర్థం దారిలోనే. రాముడి గుడితో పాటు గురుభక్తులకొండ మీద బౌద్ధం, బోధికొండ మీద జైన తీర్థంకరులు, మూడు మతాలు మూడు కొండల మీద. శాలిహుండం చూసినవారికి కొత్తేమీ కాదు, టైముంటేనే ఎక్కండి.

మన వైపు జానపద ఆట తప్పెటగుళ్లు గురించి ఎవర్నడగాలో తెలీక చాలామంది వదిలేస్తారు. పండగ మర్నాటి నుంచి చుట్టుపక్కల ఏ ఊళ్లో అమ్మవారి సంబరం ఉందో మీ నాన్నగార్ని వాకబు చెయ్యమనండి. గుండెకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో, వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ మూడునాలుగు అంతస్తులుగా ఒకరి మీద ఒకరు ఎక్కేస్తారు. ఆ ఎత్తున కూడా తప్పెట తాళం తప్పదు. స్టేజీ మీద అరగంట ప్రోగ్రాంలో చూస్తే అది వేరు, ఊళ్లో రాత్రి పదింటికి మొదలైతే అది వేరు. తేగలు కాల్చుకు తింటూ చూడండి, జనవరి తేగలకి సీజనే.

చివరిగా బొబ్బిలి వీణ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేస్తారు. పనసదుంగ ఒక్కదాన్నే తొలిచి, కుండ, దండి అతుకు లేకుండా చేసేది ఏకాండి వీణ. కుండ లోపల ఉలితో పల్చన చేస్తూ మధ్యమధ్యలో వేలితో కొట్టి శబ్దం వింటుంటారు. 24 మెట్లు మైనంలో కూర్చుతారు. ఆ మెట్లు సరిచూసుకునేటప్పుడు అక్కడుంటే అదృష్టం. చిన్న బొమ్మ వీణలు కూడా ఉంటాయి, ఆఫీసులో "మీ వైపు ఏమున్నాయి" అని అడిగినాయన టేబుల్ మీద ఒకటి పెట్టండి. కాకపోతే భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ పనివాళ్లుండరు, పొందూరులోనూ బుడితిలోనూ అంతే. ఆ మూడు రోజులు ఇంట్లో ఉండి, చేతిపనులన్నీ ముక్కనుమ దాటాకే పెట్టుకోండి.